పాత లయొనెల్ రైళ్లు – పాఠం 3: కదలని ఇంజిన్

పోయినసారి పట్టాలు తుడవడంతో ఆపాం. ఈసారి ఇంజిన్ విప్పుదాం.

మన పాఠాలన్నీ 1945 నుంచి 1969 దాకా అమెరికాలో లయొనెల్ కంపెనీ చేసిన మూడు పట్టాల బొమ్మ రైళ్ల మీదే. మధ్య పట్టా మీద రోలర్లు ఆని కరెంటు తీసుకుంటాయి, అది మోటారులోంచి చక్రాలకి, అక్కణ్ణుంచి బయటి పట్టాలకి పోతుంది. అంతే, ఎలక్ట్రానిక్స్ ఏమీ లేదు, అందుకే ఇన్నేళ్ల తర్వాత కూడా ఇంట్లో కూర్చుని బాగుచేసుకోవచ్చు. పనిచేయదని చవగ్గా అమ్మేసే ఇంజిన్లలో చాలా వాటికి పట్టిన రోగం మురికే.

కరెంటిచ్చినా ఇంజిన్ కదలకపోతే భయపడకండి. చాలా ఇంజిన్ల లోపల ఇ-యూనిట్ అనే స్విచ్ ఉంటుంది, కరెంటు ఆపి ఇచ్చిన ప్రతిసారీ ముందుకు, ఆగు, వెనక్కి, ఆగు అనే వరసలో ఒక్కో మెట్టు మారుతుంది. దాని చిన్న లివర్‌ని ఎవరో ‘ఆగు’ దగ్గర లాక్ చేసి వదిలేసి ఉంటే మీరెంత కరెంటిచ్చినా అది కదలదు, లివర్‌ని రెండో వైపుకి తోసి మళ్లీ చూడండి.

అప్పటికీ కదలకపోతే ప్లగ్ పీకేసి బాడీ తీయండి. బ్రష్ ప్లేట్ (మోటారుకి కరెంటు అందించే కార్బన్ ముక్కల్ని, అంటే బ్రష్షుల్ని, పట్టి ఉంచే పలక) విప్పేముందు ఫోన్‌తో ఫొటో తీసుకోవాలి, ఎందుకంటే వైర్లు ఎటు పోతున్నాయో, వాషర్లు ఏ వరసలో ఉన్నాయో తర్వాత గుర్తుండదు, పైగా బ్రష్ స్ప్రింగులు ఎగిరిపోతాయి. కమ్యుటేటర్ మీద, అంటే మోటారులో తిరిగే భాగానికి బ్రష్షులు ఆనే చోట, మూడు రాగి ముక్కలు, వాటి మధ్య సన్నని గాళ్లు కనిపిస్తాయి. ఆ గాళ్లలో నల్లటి కార్బన్ పొడి కూరుకుపోయి ఉంటుంది. టూత్‌పిక్‌తో నిదానంగా గీకి తీసేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో రాగి మెరిసేదాకా తుడవండి. స్టీల్ వుల్ మాత్రం దగ్గరికి రానివ్వొద్దు, దాని ఇనుప రజను మోటారులోకి పోతే షార్ట్ అవుతుంది. బేరింగులకి ఒక్కో చుక్క నూనె, పళ్ల చక్రాలకి కాస్త గ్రీజు చాలు, కమ్యుటేటర్‌కి నూనె తగలకూడదు.

అమెరికా నుంచి ట్రాన్స్‌ఫార్మర్ కూడా ఇండియాకి తెచ్చుకున్నవాళ్లకి గట్టిగా చెప్తున్నా, అది 115 వోల్టులది, మన 230 సాకెట్లో నేరుగా పెట్టొద్దు. తీగ పై తొడుగు పెళుసుబారి ఉంటే ముందు తీగ మార్పించండి.

మళ్లీ బిగించాక 8, 10 వోల్టులతో మొదలుపెట్టి కాసేపు ముందుకి, కాసేపు వెనక్కి నడపండి. బ్రష్షుల దగ్గర చిన్న చిన్న రవ్వలు మామూలే. కాలిన వాసన వస్తే వెంటనే ఆపేయండి. ఇంజిన్‌లోంచి పొగ వదిలే పొగ యూనిట్ జోలికి ఇప్పుడే వెళ్లకండి, అది వచ్చే పాఠం.