డిక్కీలో తడి, స్టెప్నీ గుంతలో నీళ్లు: కారణం పట్టుకునేదెలా?

టైరు పంక్చరైన రోజునే చాలామందికి ఈ సంగతి బయటపడుతుంది. స్టెప్నీ తీద్దామని డిక్కీ మ్యాట్ ఎత్తితే కింద రిమ్ము సగం మునిగేలా నీళ్లు, తుప్పు పట్టిన జాకీ, పైకి తేలిన పనిముట్ల సంచి. నాకూ అలాగే తెలిసింది. తర్వాత ఆలోచిస్తే, కారు చాలా రోజుల ముందు నుంచే చెబుతోంది. డిక్కీ తీయగానే ముక్కిన వాసన వచ్చేది. పొద్దున్నే వెనక అద్దానికి లోపలివైపు ఆవిరి పట్టేది. మలుపు తిరిగినప్పుడల్లా బిందెలో నీళ్లు తొణికినట్టు చప్పుడు. సీసా ఏదో దొర్లుతోందిలే అనుకున్నాను.

నీరు పల్లమెరుగు అంటారు కదా. డిక్కీలో అన్నిటికన్నా పల్లం స్టెప్నీ గుంత. ఎక్కడ కారినా చివరికి అక్కడికే చేరుతుంది. అందుకే నీళ్లు నిలిచిన చోటు చూసి కారణం చెప్పలేం. కొందరు ఏకంగా గుంత అడుగుకే సీలెంట్ (సందులు మూసే జిగురు) పూసేస్తారు. నీళ్లు పైనుంచి వస్తుంటే, దానివల్ల గుంత ఇంకా చక్కగా నిండుతుంది, అంతే.

వెతికే ముందు ఆరబెట్టాలి

తడి మీద తడి కనబడదు. మ్యాట్, దాని కింది అట్ట, పక్కల ఉండే ప్లాస్టిక్ ప్యానెళ్లు, స్టెప్నీ అన్నీ తీసి బయట పెట్టండి. నీళ్లు తోడేసి పొడి గుడ్డతో తుడవండి. కొన్ని కార్లలో 12 వోల్టుల బ్యాటరీ, ఫ్యూజు బాక్సు డిక్కీలోనే ఉంటాయి. అవి తడిసి ఉంటే ముందు బ్యాటరీ నెగటివ్ వైరు విప్పించాలి. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు కేబుళ్లు కనబడితే వాటి జోలికి వెళ్లకండి. అక్కడ నీళ్లు చేరితే ఆ పని తెలిసినవాళ్లకే వదిలేయాలి.

లోపల రేకు పూర్తిగా ఆరాక, జాగ్రత్తగా చూస్తే మట్టి చారలు కనబడతాయి. నీళ్లు ఎండిపోయినా దారి మిగులుతుంది. చాలాసార్లు కారణం ఈ చారలతోనే తేలిపోతుంది.

వాన పడితేనే నీళ్లు, అదీ ఒక పక్కనే ఎక్కువ

మొదట అనుమానించాల్సింది ఆ వైపు టెయిల్ ల్యాంపుని. ల్యాంపుకీ బాడీకీ మధ్య ఉండే స్పాంజి గ్యాస్కెట్ కొన్నేళ్లకి అణిగిపోతుంది. ల్యాంపు లోపల కూడా నీటి చుక్కలు ఉంటే అనుమానం ఇంకా బలపడుతుంది. లోపలి నుంచి నట్లు విప్పి ల్యాంపు తీసి, పాత గ్యాస్కెట్ గీకేసి, కొత్తది వేయాలి. అది దొరక్కపోతే బ్యుటైల్ టేపు వాడొచ్చు. నల్లగా, జిగురుగా ఉండే చుట్ట అది. ఎండినా గట్టిపడదు, రేపు బల్బు కోసం ల్యాంపు తీయాల్సి వచ్చినా ఇబ్బంది ఉండదు. నట్లు మాత్రం అతిగా బిగించకండి, ప్లాస్టిక్ చిట్లితే కొత్త ల్యాంపు కొనాలి.

ల్యాంపు బాగుంటే బంపరు వెనక దాక్కున్న వెంట్లు చూడాలి. తలుపు వేసినప్పుడు లోపలి గాలి బయటికి పోవడానికి అక్కడ రబ్బరు రెక్కలుంటాయి. వాటి చుట్టూ ఉన్న సీలు పాడైనా, రెక్కలు మట్టితో తెరుచుకుని ఉండిపోయినా నీళ్లు లోపలికి చిమ్ముతాయి. శుభ్రం చేయండి, సీలు మార్చండి. ఎట్టి పరిస్థితిలోనూ పూర్తిగా మూసేయకండి. గాలి పోయే దారి లేకపోతే తలుపులు సరిగా పడవు, అద్దాలకి ఆవిరి పడుతుంది.

డిక్కీ అంచు పొడవునా తడి

ఇది బీడింగ్ పని, అంటే డిక్కీ అంచు చుట్టూ ఉండే రబ్బరు పట్టీది. ఒక కాగితం ముక్క బీడింగ్ మీద పెట్టి డిక్కీ మూసి, మెల్లగా లాగండి. గట్టిగా పట్టి ఉండాలి. ఒక చోట పట్టి, ఇంకో చోట ఇట్టే జారి వస్తే అక్కడే సందు. బీడింగ్ మార్చే ముందు దాని కింద రేకు అంచు చూడండి. అది వంగినా, తుప్పు పట్టినా కొత్త బీడింగ్ కూడా నిలవదు. ఒక్కోసారి బీడింగ్ బాగానే ఉంటుంది, మూతే సరిగా దిగదు. మూత మూలల్లో ఉండే రబ్బరు బుడిపెలని తిప్పి సర్దితేనో, లాక్ కొక్కేన్ని కొంచెం కిందికి జరిపితేనో సరిపోతుంది.

వాన లేకపోయినా తడి

హ్యాచ్‌బ్యాక్ అయితే వెనక అద్దానికి నీళ్లు కొట్టే వాషర్ గొట్టం చూడండి. అది కప్పు గుండా వెనక డోరులోకి వెళ్తుంది. డోరు తెరిచి మూసే మడత దగ్గర గొట్టం ఊడితే, వాషర్ నొక్కినప్పుడల్లా నీళ్లు లోపలికే. ఆ తడికి సబ్బు వాసన ఉంటే దాదాపు ఖాయం.

తడి రోడ్డు మీద నడిపాకే నీళ్లు కనబడితే కింది నుంచి వస్తున్నట్టు లెక్క. గుంత అడుగున ఉండే రబ్బరు ప్లగ్ ఊడిందేమో, రేకుల అతుకుల మీది సీలర్ పగిలిందేమో చూడాలి. వెనక నుంచి గుద్దుకుని డెంటింగ్ చేయించిన కార్లలో ఇది మామూలే.

ఎక్కడా కారడం లేదు, అయినా చెమ్మ ఉంటే అది ఆవిరి. తడి గొడుగు, తడి బట్టలు డిక్కీలో వదిలేయడం, ఏసీని ఎప్పుడూ లోపలి గాలి మోడ్‌లోనే నడపడం దీనికి కారణాలు. కాసేపు బయటి గాలి మోడ్ పెడితే తేడా తెలుస్తుంది.

సీలింగ్ గుడ్డ మీద మరక ఉంటే మాత్రం పైకి చూడండి. సన్‌రూఫ్ వెనక డ్రెయిన్ గొట్టాలు, యాంటెన్నా అడుగు రబ్బరు, ఎత్తులో ఉండే మూడో బ్రేక్ లైటు సీలు.

అయినా దొరక్కపోతే

పైపుతో నీళ్లు పోసే పరీక్ష చేయాలి. దీనికి ఇద్దరు కావాలి. ఇంజిన్ ఆపేసి, వెనక సీటు మడిచి, ఒకరు టార్చితో లోపలికి వంగాలి. తాళంచెవి ఆయన చేతిలోనే ఉండాలి, ఒక పక్క డోరు తెరిచే ఉంచాలి. రెండో మనిషి బయట నుంచి నీళ్లు పోయాలి. ప్రెషర్ వాషర్ వద్దు, బాగున్న సీలులోంచి కూడా అది నీళ్లు దూర్చేస్తుంది. మామూలు ధారతో కింది నుంచి మొదలుపెట్టి పైకి రావాలి. ఒక్కో చోట నాలుగైదు నిమిషాలు ఆగాలి. పైనుంచి మొదలుపెడితే అన్నీ ఒకేసారి తడిసి ఏది దోషో తెలియదు.

మా కారుకి ఒక గ్యారేజీలో బీడింగ్ మార్చారు. డబ్బులయ్యాయి, నీళ్లు మాత్రం ఆగలేదు. ఆఖరికి నేనే లోపల పడుకుని, అనుమానం ఉన్న చోట్ల టాల్కం పౌడర్ చల్లి చూశాను. మూడు నిమిషాలు ఏమీ లేదు. తర్వాత ఎడమ ల్యాంపు బోల్టు మరల వెంట ఒక చుక్క మెల్లగా పాక్కుంటూ వచ్చింది. నట్టు చివర వేలాడి, బరువెక్కి, పౌడర్ మీద సన్నటి గీత గీసుకుంటూ గుంతలోకి జారింది. ఆ తర్వాత నిమిషానికి రెండు మూడు చొప్పున వరస కట్టాయి. బోల్టు మొదట్లో ఉండే చిన్న రబ్బరు వాషర్ చిట్లింది. ఇంత ముక్క కోసమా బీడింగ్ మొత్తం మార్చింది అనిపించింది.

సీలెంట్ విషయంలో ఒక జాగ్రత్త. బాత్రూములకి వాడే సిలికాన్‌లో వెనిగర్ లాంటి పుల్లటి వాసన వచ్చే రకం ఉంటుంది. ఎండేటప్పుడు దాన్నుంచి ఆమ్లం వెలువడి, కింద రేకుకి తుప్పు పట్టిస్తుంది. అతుకులకి బాడీ పనికి వాడే పాలీయురేథేన్ సీలర్ వేయించండి.

కారడం ఆగాక

మ్యాట్ పైన ఆరినట్టు ఉన్నా, అడుగు ఫోమ్ రోజుల తరబడి నీళ్లు పట్టుకుని ఉంటుంది. తువ్వాలు పెట్టి గట్టిగా నొక్కి చూడండి. తడి అంటుకుంటే మళ్లీ ఎండలోకే. తుప్పు మచ్చలని వైరు బ్రష్‌తో గీకి, ప్రైమరు వేసి, పెయింటు వేయండి. గుంత అడుగు ప్లగ్ మళ్లీ బిగించడం మరవకండి. నీళ్లు పోతాయి కదా అని తీసి ఉంచితే రోడ్డు నీళ్లతో పాటు సైలెన్సర్ పొగ కూడా లోపలికి వస్తుంది.

స్టెప్నీకి నీళ్లవల్ల రబ్బరు పాడవదు గానీ, ఇనుప రిమ్ము అంచు తుప్పు పడితే గాలి మెల్లగా దిగిపోతుంది. గాలి చూసుకోండి. సన్నటి తాత్కాలిక స్టెప్నీలకి సాధారణంగా 60 పీఎస్ఐ కావాలి, టైరు పక్కన రాసి ఉంటుంది.

చివరగా గుంత అడుగున పాత న్యూస్‌పేపరు పరిచి, దాని మీద స్టెప్నీ పెట్టండి. రెండు మూడు వానలు పడ్డాక కూడా ఆ కాగితం గలగలమంటే మ్యాట్ వేసేసుకోవచ్చు.