కంట్లో కండకు శస్త్రచికిత్స: కోసిన చోట ఏమి కప్పుతారో ముందే అడగండి

ఉప్పుగాలిలో వల లాగేవారికీ, రొయ్యల చెరువు గట్ల మీద ఎండలో నిలబడేవారికీ ముక్కు వైపు తెల్లగుడ్డు నుంచి నల్లగుడ్డు మీదికి రెక్కలా పాకే ఎర్రటి కండ కొత్తది కాదు. వైద్యులు దీనిని టెరీజియం అంటారు. ఇది క్యాన్సర్ కాదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు దీనికి ప్రధాన కారణం.

కండ చిన్నదై, అప్పుడప్పుడు ఎర్రబడడంతో సరిపోతే చుక్కల మందు, నల్లకళ్లజోడు, అంచు వెడల్పు టోపీ చాలు. అది కంటిపాప వైపు పాకుతున్నా, నల్లగుడ్డు వంపు మారి చూపు మసకబారుతున్నా శస్త్రచికిత్స అవసరమవుతుంది. చుక్కలతో కండ కరగదు. ఆకుపసరు మాత్రం దయచేసి పోయించుకోకండి, పుండు పడితే చూపే పోవచ్చు.

కండను కోసి ఆ చోటును ఖాళీగా వదిలేయడం పాత పద్ధతి. అందులో కండ మళ్లీ పెరగడం చాలా ఎక్కువ కాబట్టి, చౌకగా అవుతుందన్నా ఒప్పుకోవద్దనే నా సలహా. నేడు ఎక్కువగా ఎంచుకునేది సొంత పొరను అతికించే పద్ధతి: కంటికి మత్తు ఇచ్చి, కండ తీశాక, పైరెప్ప కింద నుంచి పారదర్శకమైన పలుచని పొరను ఒలిచి, నల్లగుడ్డు వైపుండే అంచు మళ్లీ అటే వచ్చేలా పరిచి, సన్నని కుట్లతోనో, రక్తాన్ని గడ్డకట్టించే ప్రోటీన్‌తో చేసిన ఫైబ్రిన్ జిగురుతోనో, అక్కడే ఊరిన రోగి రక్తంతోనో నిలుపుతారు. జిగురుతో ఖర్చు పెరిగినా, కుట్ల గరగర ఉండదు. కండ మరీ పెద్దదైనా, గ్లకోమా (చూపు నరం దెబ్బతినే జబ్బు) ఆపరేషన్ కోసం పైభాగపు పొరను దాచుకోవలసి వచ్చినా, కాన్పులో సేకరించి శుద్ధి చేసిన ఉమ్మనీటి సంచి పొరను వాడతారు. తిరగబెట్టిన కండకు మళ్లీ పెరగకుండా ఆపే మైటోమైసిన్ అనే మందు కూడా పూయవచ్చు గానీ, మోతాదు మించితే తెల్లగుడ్డు పలుచబడే ప్రమాదముంది.

శుక్లం కూడా ఉంటే సాధారణంగా కండనే ముందు తీయించుకోవాలి, లేకపోతే లోపల పెట్టే లెన్సు పవరు లెక్క తప్పవచ్చు.

దాళ్వా (రెండో పంట వరి) కోతలు, నూర్పిళ్ల దుమ్ము ముగిశాకే తేదీ తీసుకోండి. శస్త్రచికిత్స అయ్యాక వైద్యులు సరేననేదాకా కాలువలో, చెరువులో మునగవద్దు, కన్ను నలపవద్దు. స్టెరాయిడ్ చుక్కలను చెప్పిన లెక్కన తగ్గించుకుంటూ రావాలి. పాత చీటీ చూపించి మందుల షాపులో మళ్లీ మళ్లీ కొని వేసుకుంటే కంటి లోపలి ఒత్తిడి పెరిగి చూపు నరం దెబ్బతినవచ్చు.