రెండో లెన్సు కొనేముందు: మీడియం ఫార్మాట్ నెగెటివ్‌లో కనిపించే తప్పులు, కారణాలు, పరిష్కారాలు

హాసెల్‌బ్లాడ్ 500సీ/ఎం అనే మీడియం ఫార్మాట్ (35 ఎంఎం కంటే పెద్ద ఫిల్మ్ వాడే) కెమెరా, దానికి బిగించి వచ్చే 80 ఎంఎం ఎఫ్/2.8 ప్లానార్ లెన్సు. ఈ జోడీతో కొన్ని రోళ్లు తీశాక చాలామందికి ఇంకో లెన్సు మీద మనసు పోతుంది. అప్పుడు ఇంటర్నెట్‌లో లెన్సుల పరీక్షలు చదవడం మొదలుపెడతారు. వాటికంటే ముందు చూడాల్సినవి మీరు తీసిన నెగెటివ్‌లే. లెన్సు మారిస్తే పోయే తప్పు ఏదో, చవకైన ట్యూబుతోనో, సర్వీసింగ్‌తోనో, రెండడుగులు వెనక్కి వేస్తేనో పోయే తప్పు ఏదో వాటిలోనే తెలుస్తుంది. ఈ లెన్సులన్నీ ఇప్పుడు సెకండ్‌హ్యాండ్‌లోనే దొరుకుతాయి, ధరలూ తక్కువేం కాదు. తప్పు ఎక్కడుందో తేల్చుకోకుండా కొంటే, కొత్త లెన్సుతో కూడా అదే తప్పు వస్తుంది.

ఇక్కడ ఎక్కువగా హాసెల్‌బ్లాడ్ గురించే రాస్తున్నాను. మామియా, పెంటాక్స్ వాడేవాళ్లకు తేడా ఉన్నచోట విడిగా చెప్తాను.

ఫోటోలు బాగానే ఉన్నాయి, అయినా ఏదో చాలడం లేదు

ఇక్కడ కారణం మీ అలవాటులో ఉంటుంది. కాంటాక్ట్ షీట్లు (రోలులోని ఫ్రేములన్నీ ఒకే కాగితం మీద వేసిన ప్రింట్లు) వరసగా పరిచి రెండు విషయాలు వెతకండి. ప్రింటు వేసేటప్పుడు నాలుగు వైపులా కోసి మధ్య భాగమే తీసుకున్న ఫ్రేములు ఎక్కువుంటే మీకు 150 ఎంఎం లెన్సు కావాలి. గోడకు వీపు ఆనించి తీసినా మనుషులో, గోపురమో ఫ్రేములో పట్టని సందర్భాలు ఎక్కువుంటే 50 గానీ 60 గానీ కావాలి. రెండూ సమానంగా కనిపిస్తే ఇంకొన్నాళ్లు 80తోనే తీయండి, తొందరేం లేదు.

35 ఎంఎం కెమెరా నుంచి వచ్చినవాళ్లు అంకెల దగ్గర తికమక పడతారు. 6×6 ఫ్రేము నిజానికి 56 × 56 మిల్లీమీటర్లు, కర్ణం సుమారు 79. అందుకే 80 ఇక్కడ నార్మల్ లెన్సు. వెడల్పు లెక్కన చూస్తే 80 అంటే 35 ఎంఎంలో 51 లాంటిది, 50 అంటే 32, 150 అంటే 96. కర్ణం లెక్కన ఇవే 44, 27, 82 అవుతాయి. నా మటుకు వెడల్పు లెక్కే పనికొస్తుంది, ఎందుకంటే మనుషుల్ని వరసగా నిలబెట్టినప్పుడు పట్టేదీ పట్టనిదీ వెడల్పే.

50-80-150 అందరూ చెప్పే సెట్టు. 60-100-180 అనే ఇంకో వరస ఉంది. 100 ఎంఎం ఎఫ్/3.5 ప్లానార్ అంచుల దాకా తిన్నని గీతల్ని తిన్నగానే గీస్తుంది. గుడులు, కట్టడాలు తీసేవాళ్లు ఈ వరస గురించి తప్పక ఆలోచించాలి.

ముఖం ఉబ్బినట్టుంది, ముక్కు పెద్దదిగా వచ్చింది

ఇది 80 లెన్సు లోపమని చాలామంది అనుకుంటారు. ముక్కును పెద్దది చేసేది దూరం. 80 లెన్సు 0.9 మీటర్ల దాకా ఫోకస్ అవుతుంది. ముఖం నిండుగా రావాలని అంత దగ్గరికి వెళ్తే కెమెరా నుంచి ముక్కుకూ చెవికీ ఉన్న దూరాల నిష్పత్తి మారిపోతుంది, ఫిల్మ్ మీద పడేది ఆ నిష్పత్తే. మీటరున్నర, రెండు మీటర్ల దూరం జరిగితే అదే 80తో ముఖం సహజంగా వస్తుంది, కాకపోతే ఫ్రేములో చిన్నదవుతుంది. ఆ దూరం నుంచి ముఖాన్ని పెద్దగా చూపించే పని 150 ఎంఎం ఎఫ్/4 సోనార్‌ది.

అయితే 150 కొన్న వెంటనే ఇంకో సమస్య ఎదురవుతుంది: ముఖం దగ్గరగా తీద్దామంటే ఫోకస్ అందదు. దాని కనీస దూరం 1.4 మీటర్లు. ఆ దూరంలో ఫ్రేములో పట్టేది సుమారు 40 సెంటీమీటర్లు, అంటే తల, భుజాలు. నుదురు నుంచి గడ్డం దాకా నిండుగా కావాలంటే బాడీకీ లెన్సుకూ మధ్యలో చిన్న ఎక్స్‌టెన్షన్ ట్యూబు పెట్టాలి. పాత వరసలో 10 ఎంఎం ట్యూబు, తర్వాతి వరసలో 8 ఎంఎం ట్యూబు దొరుకుతాయి. 10 ట్యూబుతో 150 లెన్సు సుమారు 84 సెంటీమీటర్ల వెడల్పు నుంచి 27 సెంటీమీటర్ల దాకా పట్టిస్తుంది. పోర్ట్రెయిట్‌కు కావాల్సిందంతా ఆ మధ్యే ఉంటుంది, కాబట్టి ట్యూబు తీయకుండానే పని చేసుకోవచ్చు. బాగా దగ్గరికి వెళ్లినప్పుడు అర స్టాప్ (ఒక స్టాప్ అంటే రెట్టింపు వెలుగు) ఎక్కువ వెలుగు ఇవ్వండి. ఆ అర స్టాప్ మరిచిపోతే నీడల్లో వివరం పోతుంది, ముఖ్యంగా చామనఛాయ, నలుపు చర్మం తీసేటప్పుడు.

నగలు, చేతి వేళ్లు, పాత ఉత్తరాలు, పూలు ఎక్కువగా తీసేవాళ్లకు 120 మాక్రో-ప్లానార్ మంచి ఎంపిక. దాన్ని దగ్గరి దూరాలకే తీర్చిదిద్దారు, పోర్ట్రెయిట్‌కూ సరిపోతుంది. రెండు లెన్సుల పని ఒక్కదానితో జరగాలంటే 150 బదులు ఇదే కొనమంటాను.

మామియా ఆర్‌బీ67లో ఫోకసింగ్ బెలోస్‌తో జరుగుతుంది, ట్యూబు లేకుండానే దగ్గరికి వెళ్లవచ్చు. బెలోస్ సాగినకొద్దీ వెలుగు తగ్గుతుంది. ఎంత పెంచాలో కెమెరా పక్కనున్న స్కేలు చూపిస్తుంది, దాన్ని చదవకుండా షట్టర్ నొక్కకండి. పాత స్టూడియోల బీరువాల్లోంచి బయటపడే మామియా సీ330లో ఇంకో చిక్కుంది. చూసే లెన్సు పైన, తీసే లెన్సు కింద ఉంటాయి, కాబట్టి దగ్గరి ఫోటోల్లో తల పైభాగం తెగిపోతుంది. వ్యూఫైండర్‌లో కదిలే సూచిక గీతను దాటకుండా కంపోజ్ చేయాలి, లేదా పారమెండర్ అనే పరికరంతో ఫోకస్ చేశాక కెమెరాను ఆ మేరకు పైకి లేపి తీయాలి.

కళ్ల మీద ఫోకస్ చేస్తే చెవి షార్ప్‌గా వచ్చింది

ముందు లెక్క చూడండి. 150 లెన్సు ఎఫ్/4లో 1.4 మీటర్ల దగ్గర షార్ప్‌గా ఉండే లోతు మొత్తం సుమారు రెండున్నర సెంటీమీటర్లే. మనిషి ఊపిరి పీల్చి వదిలితే దాటిపోతుంది. ఎఫ్/8కి దిగండి, వ్యూఫైండర్‌లోని మాగ్నిఫయర్ లేపి చూసి ఫోకస్ చేయండి, ఫోకస్ చేశాక కెమెరాను ఊపి ఫ్రేము మార్చకండి.

స్టాండు మీద పెట్టి తీసినా ప్రతిసారీ ఒకే వైపుకు తప్పుతుంటే అప్పుడు కెమెరాను అనుమానించాలి. న్యూస్‌పేపర్‌ను ఏటవాలుగా పెట్టి, ఒక వరస మీద ఫోకస్ చేసి, ఎపర్చర్ పూర్తిగా తెరిచి తీయండి. అదే పరీక్ష ఇంకో లెన్సుతో కూడా చేయండి, స్నేహితుడిది అడిగి తెచ్చుకున్నా సరే. రెండింటితోనూ ఒకే తేడా వస్తే లెన్సుది తప్పు కాదు. 500సీ/ఎంలో ఫోకసింగ్ స్క్రీన్‌ను ఎవరైనా తీసి మార్చవచ్చు. పాత యజమాని తిరగేసి పెట్టి ఉండవచ్చు, లేదా అద్దం కింది స్పాంజి కుంగిపోయి అద్దం కోణం మారి ఉండవచ్చు. స్క్రీన్ మీరే సరిచేసుకోవచ్చు. అద్దం పని మెకానిక్‌దే.

పొడుగు లెన్సుతో ప్రతిదీ కాస్త కదిలినట్టుంది

500సీ/ఎం అద్దం లేచేటప్పుడు గట్టిగా తగులుతుంది. 80తో ఆ అదురు కనిపించదు, 250 ఎంఎం ఎఫ్/5.6 సోనార్‌తో కనిపిస్తుంది. ట్రైపాడ్ మీద పెట్టి, బాడీ కుడిపక్కన ఉన్న ప్రీ-రిలీజ్ మీటను నొక్కండి. అద్దం ముందే లేచిపోతుంది, అదురు తగ్గేదాకా ఆగి కేబుల్ రిలీజ్‌తో షట్టర్ వదలండి. ఇది చేశాక కూడా కదిలితే ట్రైపాడ్ చాలడం లేదు. ఫోటో తీశాక వ్యూఫైండర్ నల్లగా ఉండిపోవడం మాత్రం లోపం కాదు, క్రాంక్ తిప్పేదాకా ఈ కెమెరా అంతే.

50 లెన్సుతో అంచులు మెత్తగా, మూలలు నల్లగా

దూరపు దృశ్యాల్లో బాగుండి, దగ్గరివాటిలో మాత్రమే అంచులు మెత్తబడుతుంటే అది పాత 50 డిస్టగాన్ స్వభావం. ఎఫ్/11 దాకా మూస్తే చాలావరకు సర్దుకుంటుంది. తర్వాత వచ్చిన ఎఫ్‌ఎల్‌ఈ (ఫ్లోటింగ్ లెన్స్ ఎలిమెంట్) రకంలో దీనికోసమే ముందు భాగంలో ఇంకో రింగు ఉంది. అసలు ఫోకస్‌కు ముందు ఆ రింగును దూరానికి తగ్గట్టు పెట్టాలి. అది చెప్పకుండా అమ్మేవాళ్లుంటారు, తెలియక ఒకే చోట వదిలేసి లెన్సును తిట్టేవాళ్లూ ఉంటారు.

మూలలు నల్లబడితే హుడ్ (లెన్సు ముందు బిగించే నీడ గొట్టం) చూడండి. 150 హుడ్‌ను 80కి పెడితే మూలలు కోసేస్తుంది, 80 హుడ్ 150కి పెడితే వెలుగును సరిగా ఆపదు. పాత సీ వరస లెన్సుల్లో 80, 150లకు ఫిల్టర్ సైజు బీ50. తర్వాతి సీఎఫ్ వరసలో 50, 80, 150 మూడింటికీ బీ60. సెట్టు కట్టాలనుకునేవాళ్లు మొదటి లెన్సు నుంచే ఒక్క వరసలో ఉండడం మేలు, లేకపోతే ఫిల్టర్లు, హుడ్లు అన్నీ రెండేసి కొనాలి.

గ్రూపు ఫోటోలో చివరి మనుషులు సాగినట్టొస్తే దానికి మందు లేదు, 50 అంచుల్లో తల పెడితే సాగుతుంది. వెనక్కి జరిగి 80 పెట్టండి. చోటు లేకపోతే చివర్లో కాసింత ఖాళీ వదిలి మనుషుల్ని రెండు వరసలుగా నిలబెట్టండి.

ఫ్లాష్ వేస్తే ఫ్రేము ఖాళీగా, లేదా ఒక పక్కే వెలుగు

పూర్తిగా ఖాళీగా వస్తే లెన్సు మీది సింక్ మీట చూడండి. పాత సీ లెన్సులో ఎక్స్, ఎం అనే గుర్తులుంటాయి. ఎం అనేది ఒకప్పటి ఫ్లాష్ బల్బుల కోసం. బల్బు వెలిగేదాకా షట్టర్ ఆగుతుంది, ఈలోగా ఇప్పటి ఎలక్ట్రానిక్ ఫ్లాష్ వెలిగి ఆరిపోతుంది. మీటను ఎక్స్ మీద పెట్టండి.

ఒక పక్కే వెలుగు పడితే మీ కెమెరా పెంటాక్స్ 67 అయ్యుండాలి. దాని షట్టర్ బాడీలో ఉంటుంది, ఫ్లాష్‌కు 1/30 సెకను దాటకూడదు. ఎండలో పెళ్లి మండపం బయట ఫ్లాష్ వేయాలంటే ఇది పెద్ద అడ్డంకి. పెంటాక్స్‌కే షట్టర్ ఉన్న 90, 165 లెన్సులు ఉన్నాయి, వాటితో బయటపడవచ్చు. హాసెల్‌బ్లాడ్ 500 వరసలో షట్టర్ లెన్సులోనే ఉండడం వల్ల 1/500 దాకా ఏ వేగంతోనైనా ఫ్లాష్ పనిచేస్తుంది. అందుకే ఈ బాడీకి ఎఫ్ వరస లెన్సులు కొనకండి. 110 ఎంఎం ఎఫ్/2 ప్లానార్ ఎంత అందంగా తీసినా దానిలో షట్టర్ లేదు, అది 2000, 200 వరస బాడీల కోసం.

నెగెటివ్ మంచు పట్టినట్టుంది, నలుపు నలుపుగా రావడం లేదు

కిటికీకి ఎదురుగా తీసినప్పుడు మాత్రమే ఇలా ఉంటే హుడ్ పెట్టండి. 1970లలో వచ్చిన టీ-స్టార్ పూత ఉన్న లెన్సు ఎదురువెలుగులో మెరుగు. పూత పాతదైన సీ లెన్సును దానికోసం పారేయనక్కర్లేదు, పోర్ట్రెయిట్‌కు ఆ మెత్తని కాంట్రాస్ట్ ఇష్టపడేవాళ్లలో నేనూ ఉన్నాను.

ఎటు తిరిగినా మంచు ఉంటే లెన్సు లోపల చూడాలి. షట్టర్, ఎపర్చర్ పూర్తిగా తెరిచి, చీకటి గదిలో ఫోను టార్చిని వెనకనుంచి ఏటవాలుగా వేయండి. పలచటి పొగలా ఉంటే నూనె ఆవిరి పేరుకున్నట్టు, శుభ్రం చేయిస్తే పోతుంది. సాలెపోగుల్లా పాకి ఉంటే ఫంగస్. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రతీర ఊళ్లలో తోలు కేసులో ఏళ్లతరబడి ఉన్న లెన్సును ఈ పరీక్ష లేకుండా తీసుకోకూడదు. ఫంగస్ తుడిస్తే పోతుంది గానీ, పూతను తినేసిన చోట మచ్చ ఉండిపోతుంది. అంచున ఇంద్రధనుస్సు రంగుల వలయం కనిపిస్తే అద్దాలను కలిపిన జిగురు విడిపోతోంది. అది బాగుచేయడం ఖరీదైన పని, అలాంటి లెన్సు వదిలేయండి.

ఇంట్లో పెట్టేటప్పుడు తోలు కేసు వద్దు. మూత బిగుతుగా పట్టే డబ్బా, సిలికా జెల్, చిన్న హైగ్రోమీటర్ చాలు. తేమ 40-50 శాతం మధ్య ఉంచండి. సిలికా జెల్ రంగు మారితే వేడిచేసి ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు.

ఎక్స్‌పోజర్ ఒక్కో ఫ్రేముకు ఒక్కోలా ఉంది

సీ లెన్సులో షట్టర్, ఎపర్చర్ రింగులు ఈవీ (ఎక్స్‌పోజర్ విలువ) అమరికతో జతపడి ఉంటాయి. ఎపర్చర్ తిప్పితే షట్టర్ కూడా కదులుతుంది, మీట నొక్కితేనే విడిపోతాయి. ఇది తెలియక తప్పు అంకె మీద తీయడం మామూలే. సీఎఫ్ లెన్సులో రోలంతా మాడిపోయినట్టు ఎక్కువ వెలుగు పడితే షట్టర్ రింగు ఎఫ్ మీద ఉందేమో చూడండి. అక్కడ లెన్సు షట్టర్ పనిచేయదు.

నెమ్మది వేగాల్లోనే ఎక్కువ వెలుగు పడుతుంటే షట్టర్‌లో పాత గ్రీజు గట్టిపడింది. బ్యాక్ (ఫిల్మ్ ఉండే వెనక భాగం) తీసి, ఫోనులో సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్ వీడియో తీయండి. 1/8 సెకనుకు షట్టర్ 30 ఫ్రేముల పాటు తెరుచుకుని ఉండాలి. 45 వచ్చిందంటే అర స్టాప్ పైనే ఎక్కువ. నెగెటివ్ ఫిల్మ్ ఓర్చుకుంటుంది, స్లైడ్ ఫిల్మ్ ఓర్చుకోదు. కొనేటప్పుడు ఒక సెకనులో వదిలి శబ్దం వినండి, మధ్యలో తడబడితే సర్వీసింగ్ ఖర్చు ధరలోంచి తగ్గించమని అడగండి.

లెన్సు ఎక్కడం లేదు, లేదా ఎక్కింది గానీ రావడం లేదు

బటన్ నొక్కుడు పడకపోతే ముందు డార్క్ స్లైడ్ (ఫిల్మ్‌కు అడ్డుండే పలక) తీశారో లేదో, రోలు అయిపోయిందో చూడండి. జామ్ అనుకున్నవాటిలో చాలావరకు ఇవే.

లెన్సు ఎక్కకపోతే బాడీ, లెన్సు రెండిట్లో ఒకటి కాక్ అయి (స్ప్రింగు బిగిసి సిద్ధంగా) లేదు. బాడీని క్రాంక్‌తో తిప్పండి. లెన్సు వెనక స్క్రూ గాడి ఎర్ర చుక్కకు ఎదురుగా లేకపోతే వెడల్పాటి స్క్రూడ్రైవర్‌తో కుడివైపుకు, చుక్క ఎదురుకు వచ్చి ఆగేదాకా తిప్పండి. అప్పుడు బలం లేకుండానే ఎక్కుతుంది.

ట్యూబు వాడేటప్పుడు వరస తప్పకూడదు. పెట్టేటప్పుడు ముందు బాడీకి ట్యూబు, తర్వాత లెన్సు. తీసేటప్పుడు ముందు లెన్సు, తర్వాత ట్యూబు. రెండుసార్లూ అంతా కాక్ అయి ఉండాలి. లెన్సు, ట్యూబు కలిపి లాగితే ఇరుక్కుంటాయి. ఇరుక్కున్నాక బలంగా మెలిపెట్టకండి. బ్యాక్ తీసి వెనక తలుపుల మధ్యనుంచి పొడుగు స్క్రూడ్రైవర్‌తో ఇరుసును తిప్పే పద్ధతి ఉంది గానీ, చేయి జారితే తలుపులు వంగుతాయి. ఈ కెమెరాలు విప్పి చూసిన అనుభవం ఉన్న మెకానిక్ దగ్గరికి అలాగే, లెన్సు బిగించి ఉండగానే తీసుకెళ్లండి.