నిద్రకు అనుకూలమైన ఆహారం – మూడవ పాఠం: రాత్రి భోజనం, గేదె పాలు

గత వారం మీరు రాసుకున్న భోజన, నిద్ర వేళల పట్టికను ముందు పెట్టుకొని, రాత్రి భోజనానికీ పక్క ఎక్కడానికీ మధ్య మూడు గంటల ఎడం లేని రోజులన్నింటి కిందా గీత గీయండి. నిద్ర ఆలస్యమైన రోజులు వాటిలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టిన తరువాతే ఈ పాఠం మొదలుపెట్టాలి.

ప్రాచీన ఆయుర్వేద గ్రంథమైన చరక సంహితలో సూత్రస్థానం అనే భాగపు 11వ అధ్యాయం ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం అనే మూడింటిని శరీరానికి ఉపస్తంభాలుగా, అంటే ఊతకంబాలుగా చెబుతుంది. మొదటి కంబం వంగినప్పుడు రెండవదానికి మందు వేయడం నాకు సబబుగా తోచదు. కాబట్టి ముందు పరిమాణం చూద్దాం: అదే గ్రంథంలోని విమానస్థానం అనే భాగం 2వ అధ్యాయం ప్రకారం కడుపును మూడు భాగాలుగా భావించి, ఒకటి గట్టి పదార్థాలకు, ఒకటి ద్రవాలకు ఇచ్చి, మూడవదాన్ని వాత పిత్త కఫాలనే మూడు దోషాల సంచారానికి ఖాళీగా విడిచిపెట్టాలి. ఇంకో ముద్ద తినగలను అనిపిస్తున్నప్పుడే చేయి కడుక్కోవడం దీనికి సులువైన కొలత.

ఇక పెరుగు సంగతి. సూత్రస్థానం 21వ అధ్యాయం నిద్ర పట్టనివారికి అభ్యంగం (ఒంటికి నూనె మర్దన), స్నానం, పాలు మొదలైన వాటితో పాటు పెరుగుతో శాల్యన్నాన్ని, అంటే శాలి బియ్యపు అన్నాన్ని కూడా చెబుతుంది. అదే గ్రంథం 7వ అధ్యాయంలో రాత్రిపూట పెరుగు తినరాదంటుంది. ఈ రెండూ పొసగాలంటే పెరుగన్నాన్ని మధ్యాహ్నానికి జరపడమే మార్గమని నా అభిప్రాయం. చివర పెరుగు లేనిదే భోజనం ముగిసినట్టు అనిపించని మనకు ఇది కొంచెం కష్టమే. రాత్రికి పలుచని మజ్జిగతో సరిపెట్టుకొని చూడండి.

నిద్ర కలిగించే వాటిలో శ్రేష్ఠమైనదిగా సూత్రస్థానం 25వ అధ్యాయం గేదె పాలను పేర్కొంటుంది. తెలంగాణలో బర్రె పాలు అనే ఇవి మనకు కొత్తవేమీ కావు. అయితే ఆవు పాలకన్నా ఇవి బరువైనవనీ, చల్లనివనీ, నిద్రలేమికీ అత్యగ్నికీ, అంటే ఆకలి అతిగా ఉన్నవారికీ మంచివనీ 27వ అధ్యాయం చెబుతుంది గనుక, జీర్ణశక్తి మందగించినవారు, జలుబు, కఫం ఉన్నవారు వీటి జోలికి పోకుండా ఉండడమే మేలు. మిగిలినవారు కాచిన పాలను గోరువెచ్చగా అర గ్లాసు, భోజనమైన గంటన్నరకు తాగాలి. చేపల పులుసు తిన్న రాత్రి మానేయండి. పాలూ చేపలూ విరుద్ధాహారమని, అంటే కలిపి తినకూడనివని 26వ అధ్యాయం చెబుతుంది. మధుమేహం ఉన్నవారు పంచదార, బెల్లం కలపకూడదు.

గట్టి గురక మధ్య ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచేవారికి ఈ పాఠం చాలదు. వారు ముందు వైద్యుణ్ణి కలవాలి.

అభ్యాసం: మొదటి మూడు రాత్రులు భోజన వేళను మాత్రమే ముందుకు జరపండి. నాలుగవ రాత్రి నుంచి పాలు చేర్చి, నిద్ర పట్టిన వేళను విడి గడిలో రాయండి. రెండూ ఒకేసారి మొదలుపెడితే ఏది పనిచేసిందో తేలదు. వచ్చే పాఠంలో అరికాళ్లకు నువ్వుల నూనె మర్దన నేర్చుకుందాం. అప్పటికి ఈ ఏడు రాత్రుల పట్టిక మీ చేతిలో ఉండాలి.