ఇంట్లో నల్లులు పడినప్పుడు: మందు ఘాటు కంటే రోజుల లెక్క ముఖ్యం

ఇంట్లో నల్లులు పడ్డాయని తెలిసిన రోజున చాలా కుటుంబాలు రెండు పనుల్లో ఏదో ఒకటి చేస్తాయి. పరుపును ఈడ్చుకెళ్లి బయట పారేస్తారు, లేదా దొరికిన మందు గదంతా కొట్టి ఆ రాత్రికి పక్క గదిలో పడుకుంటారు. రెండూ సమస్యను పెంచేవే. పరుపును ఈడ్చిన దారి పొడవునా నల్లులు, గుడ్లు రాలతాయి. మంచం పట్టెల్లో, గోడ పగుళ్లలో దాగినవి మాత్రం అక్కడే ఉండి, కొత్త పరుపు రాగానే అందులోకి చేరతాయి. ఇక పక్క గదికి మారితే, మనిషి ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ను, ఒంటి వెచ్చదనాన్ని పసిగట్టి కదిలే ఈ పురుగు ఆకలేసినప్పుడు ఆ గదినీ వెతుక్కుంటుంది. నల్లి కుట్టిన పాపానికి మంచానికి దెబ్బలు పడటం పాత ముచ్చటే. ఆ దెబ్బల వల్ల నల్లి పోయిన దాఖలా మాత్రం లేదు.

నల్లులను వదిలించడంలో మందు ఎంత ఘాటైనదన్నది రెండో ప్రశ్న. ఏ రోజున ఏ పని చేశాం, మళ్లీ ఎన్ని రోజులకు చేశాం అన్నదే మొదటి ప్రశ్న. ఎందుకో తెలియాలంటే ఈ పురుగు బతుకు కొంచెం తెలియాలి. కడుపునిండా రక్తం దొరికే ఆడ నల్లి రోజుకు ఒకటి నుంచి ఐదు దాకా గుడ్లు పెడుతుంది. ఒక్కో గుడ్డు సుమారు 1 మిల్లీమీటరు పొడవుతో తెల్లగా ఉండి, పెట్టిన చోట జిగురుతో గట్టిగా అతుక్కుని ఉంటుంది. మామూలు గది వేడిలో 6 నుంచి 10 రోజుల్లో అది పొదుగుతుంది. బయటికొచ్చిన పిల్ల ఐదు దశలు దాటి పెద్దదవుతుంది. ప్రతి దశలోనూ కనీసం ఒకసారి రక్తం తాగితేనే పాత పొర వదిలి తర్వాతి దశకు వెళ్లగలదు. వెచ్చని ఇంట్లో ఇదంతా ఐదారు వారాల్లో ముగుస్తుంది. మనం వాడే మందుల్లో చాలావాటికి గుడ్డు చావదు. కాబట్టి ఈరోజు ఎంత శ్రద్ధగా పనిచేసినా, పదో రోజుకు కొత్త పిల్లలు తిరుగుతూ ఉంటాయి. అవి పెరిగి మళ్లీ గుడ్లు పెట్టకముందే రెండోసారి పని చేయాలి. మొదటిసారి బాగా చేసి, కుట్టడం తగ్గగానే రెండోసారిని వదిలేసిన ఇళ్లలోనే నల్లులు తిరగబెడతాయి.

ముందు అవి నల్లులేనని తేల్చుకోవాలి

ఒంటి మీది దద్దుర్లను చూసి నల్లులని తేల్చలేము. దోమలు, గోమార్లు, కొన్ని అలర్జీలు కూడా అలాంటి మచ్చలనే మిగులుస్తాయి. పైగా నల్లి కాటుకు అందరి చర్మం ఒకేలా స్పందించదు. ఒకే పరుపు మీద పడుకున్న ఇద్దరిలో ఒకరికి చేతుల మీద, మెడ మీద వరుసగా దద్దుర్లు లేస్తే, రెండోవారికి చిన్న మచ్చ కూడా కనిపించకపోవచ్చు. కొందరికి కాటు పడిన చాలా రోజులకు గానీ మచ్చ తేలదు. అందుకే "నాకేమీ కుట్టలేదు, అది నీ భ్రమ" అన్న మాట ఇంట్లో వినిపించినప్పుడు దాన్ని సాక్ష్యంగా తీసుకోకూడదు. పురుగునో, దాని ఆనవాళ్లనో కళ్లతో చూడాలి.

దీనికి మంచి టార్చిలైటు, పాత ప్లాస్టిక్ కార్డు, తడిపిన తెల్లటి దూది, పారదర్శక టేపు ఉంటే చాలు. దుప్పటి తీసి, పరుపు అంచు కుట్టును తలవైపు నుంచి మొదలుపెట్టి వేళ్లతో విప్పదీసినట్టు వెనక్కి మడుస్తూ, మడతలోకి లైటును ఏటవాలుగా వేసి చూడాలి. ఇంకు పెన్ను మొన ఆనించినట్టు నల్లటి చుక్కలు గుంపుగా కనిపిస్తే అవి నల్లుల విసర్జన కావచ్చు. తడి దూదితో అద్దితే ఆ చుక్క తుప్పు రంగులో పాకుతుంది, ఎందుకంటే అది అరిగిన రక్తమే. మామూలు మురికి అలా పాకదు. చుక్కల దగ్గరే లేత పసుపు రంగులో, పురుగు ఆకారంలోనే ఉండే బోలు పొరలు కనిపిస్తాయి. అవి పిల్ల నల్లులు వదిలినవి. పెద్ద నల్లి ఆపిల్ గింజంత ఉండి, చదునుగా, ముదురు గోధుమ రంగులో ఉంటుంది. రక్తం తాగితే ఉబ్బి ఎర్రబడుతుంది. అప్పుడే పొదిగిన పిల్ల మాత్రం దాదాపు పారదర్శకంగా ఉండి, లేత రంగు గుడ్డ మీద కదిలితే తప్ప కంటికి ఆనదు.

పరుపుతో ఆగకూడదు. మంచం పట్టెలు కలిసే మూలలు, స్క్రూల బెజ్జాలు, తలాపు చెక్క వెనకవైపు, అల్లిక మంచమైతే ముడులు, పక్కనున్న బల్ల సొరుగుల అడుగు, సోఫా కుట్లు, కర్టెన్ పైమడత, గోడకు వేలాడే పటాల వెనక, గోడ అడుగున నేలను తాకే పగుళ్లు, అన్నీ చూడాలి. నల్లికి రెక్కలు లేవు, అది ఎగరలేదు, దూకలేదు. మనిషికి దగ్గరగా ఉండటమే దానికి సుఖం కనుక, ఎక్కువ భాగం మంచానికి రెండు మీటర్ల లోపే దొరుకుతాయి. దొరికిన పురుగును టేపుకు అంటించి భద్రపరిస్తే, నిపుణుడికి చూపించడానికి పనికొస్తుంది.

వేడితో చేసే పని

ఈ యుద్ధంలో నమ్మదగిన ఆయుధం వేడి. 50 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి లోపలిదాకా చేరి కొంతసేపు నిలిస్తే పెద్ద నల్లులు చస్తాయి. గుడ్లు ఇంకొంచెం మొండివి కనుక 55 డిగ్రీలు దాటేలా చూసుకోవడం మంచిది. దుప్పట్లు, దిండు గలీబులు, బట్టలు మొదలైనవాటిని ఆ గదిలోనే ప్లాస్టిక్ సంచుల్లో వేసి మూతి కట్టి, మూటను మెషిన్ దగ్గరే విప్పి, నేరుగా అందులోకి వేయాలి. ఖాళీ సంచిని వెంటనే కట్టి పారేయాలి. చేతుల నిండా దుప్పట్లు పట్టుకుని ఇల్లంతా నడవడమంటే నల్లులను మనమే మోసుకెళ్లి పంచడం. బట్ట ఓర్చుకుంటే 60 డిగ్రీల నీటిలో ఉతకాలి. ఆరబెట్టే యంత్రం ఉంటే ఎక్కువ వేడి మీద కనీసం అరగంట తిప్పాలి. నిజానికి ఉతకడం కంటే ఈ యంత్రపు వేడే నల్లులను ఎక్కువగా చంపుతుంది, కాబట్టి శుభ్రంగా ఉన్న బట్టలను ఉతక్కుండా నేరుగా అందులో వేసినా సరిపోతుంది. యంత్రం లేనివారు మరిగే వేడి నీటిలో నానబెట్టి, కుట్ల వెంట వేడి ఇస్త్రీ చేయవచ్చు. వేడి పనికిరాని బొమ్మలు, పుస్తకాల వంటివి సంచిలో కట్టి, మైనస్ 18 డిగ్రీలు చేరే ఫ్రీజర్‌లో నాలుగు రోజులు ఉంచాలి.

పరుపును ఎండలో వేస్తే చాలన్న నమ్మకం బలంగా ఉంది. దానితో నేను ఏకీభవించను. ఎండ తగిలే పైభాగం కాలుతుంది గానీ మందమైన పరుపు లోపలికి ఆ వేడి దిగదు. నల్లులు చల్లగా ఉన్న అడుగు వైపుకు జరిగి సాయంత్రం దాకా హాయిగా కూర్చుంటాయి. పరుపు మీద పనిచేసేది ఆవిరి. ఆవిరి యంత్రానికి వెడల్పాటి మూతి బిగించి, దానికి గుడ్డ చుట్టి, కుట్టు వెంట చాలా నెమ్మదిగా, సెకనుకు రెండు వేళ్ల వెడల్పు మించకుండా జరపాలి. సన్నటి మూతితో బలంగా కొడితే ఆవిరి తగిలేలోపే గాలి ఒత్తిడికి నల్లులు అటూ ఇటూ ఎగిరిపడతాయి. స్విచ్‌బోర్డులు, ప్లగ్గుల దగ్గర ఆవిరి వాడకూడదు. పని అయ్యాక పరుపును పూర్తిగా ఆరనివ్వాలి.

ఆవిరికి ముందు వాక్యూమ్ క్లీనర్‌తో పట్టెల మూలలు, పగుళ్లు పీల్చాలి. గుడ్లు జిగురుతో అతుక్కుని ఉంటాయి కాబట్టి ప్లాస్టిక్ కార్డుతో గీకుతూ పీల్చాలి. అయిన వెంటనే లోపలి చెత్తను సంచిలో కట్టి ఇంటి బయట పారేయాలి, లేకపోతే క్లీనర్‌లోంచే మళ్లీ బయటికి పాకుతాయి.

ఉతికి శుద్ధి చేసిన బట్టలను తిరిగి బీరువాలో సర్దకుండా, పని ముగిసేదాకా మూతి కట్టిన సంచుల్లోనే ఉంచుకోవాలి. వారాల తరబడి సంచుల్లోంచి బట్టలు తీసుకుని తొడుక్కోవడం విసుగు పుట్టిస్తుంది. చాలా ఇళ్లలో క్రమశిక్షణ సడలేది ఇక్కడే.

మంచాన్ని దీవిలా మార్చడం

శుభ్రం చేసిన పరుపుకు, దిండ్లకు జిప్పుతో పూర్తిగా మూసుకునే తొడుగులు వేయాలి. లోపల మిగిలిన నల్లులు బయటికి రాలేక ఆకలితో చస్తాయి, బయటివి లోపలికి దూరలేవు. నల్లి రక్తం లేకుండా నెలల తరబడి బతకగలదు, చల్లటి చోట ఇంకా ఎక్కువ కాలం ఉంటుంది. అందుకే తొడుగును ఏడాదిపాటు తీయకూడదని చెబుతారు. మంచాన్ని గోడ నుంచి జానెడు దూరం జరిపి, దుప్పటి అంచులు నేలకు తగలకుండా మడిచి, నాలుగు కోళ్ల కింద నల్లులను పట్టే ప్లాస్టిక్ గిన్నెలు పెట్టాలి. వీటి బయటి గోడ గరుకుగా, లోపలి గోడ నున్నగా ఉంటుంది. ఎక్కిన పురుగు లోపల పడి మళ్లీ పైకి రాలేదు. అయితే నల్లుల్లో మనుషులను పట్టిపీడించేవి ప్రధానంగా రెండు జాతులు. వేడి ప్రాంతాల్లో ఎక్కువగా కనిపించే సైమెక్స్ హెమిప్టెరస్ నున్నటి గోడలను రెండోదానికంటే బాగా ఎక్కగలదు. కాబట్టి లోపలి గోడకు సన్నగా టాల్కం పౌడరు పూసి, అది చెరిగినప్పుడల్లా మళ్లీ పూయాలి.

ఇప్పుడు వినడానికి ఇబ్బందిగా ఉండే మాట. ఇంత చేశాక, ఆ మంచం మీదే పడుకోవాలి. మనిషి అక్కడ ఉంటేనే గోడల్లో దాగిన నల్లులు మంచం వైపు నడిచి గిన్నెల్లో పడతాయి, శుద్ధి చేసిన చోటును దాటుకుని వస్తాయి. గది ఖాళీ చేస్తే అవి ఇల్లంతా చెదిరిపోతాయి.

మందుల విషయం

నల్లులు మందులకు అలవాటుపడటం కొత్త సంగతి కాదు. డీడీటీకి లొంగని నల్లులను హవాయి దీవుల్లో 1947లోనే గుర్తించారు. ఈనాడు దుకాణాల్లో దొరికే స్ప్రేల్లో ఎక్కువగా ఉండే పైరెథ్రాయిడ్లకు కూడా ప్రపంచంలో చాలాచోట్ల నల్లులు లొంగడం లేదు. అందుకే మందు కొట్టాక అవి చావకపోతే మోతాదు పెంచడం వల్ల మనకు హాని తప్ప వాటికి నష్టం ఉండదు. డయాటమేషియస్ ఎర్త్, సిలికా వంటి పొడులు వేరే పద్ధతిలో పనిచేస్తాయి. పురుగు ఒంటిపైనున్న మైనపు పొరను పీల్చి దాన్ని ఎండగట్టి చంపుతాయి కాబట్టి వీటికి అలవాటుపడటం కష్టం. కానీ రోజుల తరబడి సమయం తీసుకుంటాయి. పురుగుల నివారణకని లేబుల్ ఉన్న పొడినే కొని, గోడ పగుళ్లలో, పట్టెల సందుల్లో కంటికి ఆనీ ఆననంత పలచగా చల్లాలి. కుప్పగా పోస్తే నల్లి దాన్ని చుట్టి వెళ్లిపోతుంది, ఆ దుమ్ము మన ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పరుపు మీద, దిండ్ల మీద, పిల్లలు ఆడుకునే నేల మీద చల్లకూడదు.

గదిలో పేల్చే పొగ డబ్బాల మందు నల్లులు దాగిన సందుల్లోకి చేరదు. శబ్ద తరంగాలతో తరుముతామనే పరికరాలు పనిచేయవు. కిరోసిన్, పెట్రోలు, స్పిరిట్ పరుపుల మీద చల్లి ఇళ్లు తగలబడిన సందర్భాలు ఉన్నాయి. పొలాల్లో వాడే మందులు ఇంట్లో వాడకూడదు. అన్నింటికంటే ప్రమాదకరమైనవి ధాన్యం నిల్వల్లో పురుగు చావడానికి పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలు. వాటి నుంచి వచ్చే ఫాస్ఫీన్ వాయువు గోడల సందుల గుండా పక్క ఇంటికి కూడా పాకి, నిద్రలో ఉన్నవారి ప్రాణం తీయగలదు. ఎవరు చెప్పినా వాటిని ఇంట్లోకి రానివ్వకూడదు. ఇంట్లో పసిబిడ్డలు, గర్భిణులు, ఆస్తమా ఉన్నవారు, పిల్లి, చేపల తొట్టె ఉంటే మందు కొట్టేవారికి ముందే చెప్పాలి. చేపలకు పైరెథ్రాయిడ్లు ప్రాణాంతకం, పిల్లులకు వాటిలో కొన్ని అంతే ప్రమాదం.

నల్లులు రెండు మూడు గదులకు పాకితే నిపుణులను పిలవడమే మేలు. మొదట గది పరిశీలించి, వాడబోయే మందు పేరు చెప్పి, మళ్లీ ఎన్ని రోజులకు వస్తారో రాసిచ్చేవారిని నమ్మవచ్చు. ఒక్కసారి మందు కొడితే చాలని హామీ ఇచ్చేవారిని, గుడ్ల సంగతేమిటని అడిగి చూడండి. అపార్టుమెంటు అయితే పక్కింటివారికి, పైవారికి కూడా చెప్పాలి. తీగలు, పైపులు వెళ్లే రంధ్రాల గుండా నల్లులు ఇల్లు మారతాయి. చెప్పడానికి సిగ్గుపడనక్కరలేదు, నల్లులు మురికిని వెతుక్కుంటూ రావు, మనిషిని వెతుక్కుంటూ వస్తాయి. ప్రయాణపు పెట్టెలో, పాత సోఫాలో, బడి సంచిలో ఎక్కడినుంచైనా రావచ్చు కనుక, ఇంట్లో ఎవరు తెచ్చారన్న విచారణ వల్ల ఒరిగేది లేదు.

నల్లులు మనుషులకు జబ్బులు అంటిస్తాయని తేలలేదు. గోకడం వల్ల పుండ్లు పడటం, నిద్ర కరువవడం మాత్రం నిజమైన బాధలు. పిల్లల గోళ్లు కత్తిరించి ఉంచాలి. దద్దుర్లు చీము పట్టినా, ఒళ్లంతా లేచినా వైద్యుడికి చూపించాలి.

మొదటి పని జరిగిన తేదీని గోడ క్యాలెండరు మీద గుర్తు పెట్టి, 10 నుంచి 14 రోజుల మధ్య రెండోసారి, మరో రెండు వారాలకు మూడోసారి మొత్తం పని చేయాలి. మధ్యలో వారానికోసారి గిన్నెలు చూసి, ఎన్ని పడ్డాయో, ఏ సైజువో రాసుకోవాలి. ఆ రాతే తర్వాతి అడుగు చెబుతుంది. ఐదో వారంలో లేత రంగు పిల్ల కనిపిస్తే దగ్గరలో ఎక్కడో గుడ్లు పొదుగుతున్నాయని, మనం చూడని సందు ఒకటుందని అర్థం, కాబట్టి ఆ కోడు వైపున్న గోడను మళ్లీ వెతకాలి. చాలా రోజులు ఏమీ పడక ఒక్కసారిగా పెద్ద నల్లి ఒకటే కనిపిస్తే, బయటినుంచి కొత్తగా వచ్చి ఉండవచ్చు. ఈమధ్య ఇంట్లోకి వచ్చిన సంచులను, పెట్టెలను చూడాలి. రెండు నెలలపాటు గిన్నెల్లో ఏమీ పడక, కొత్త చుక్కలు కనిపించకపోతే సంచుల్లోని బట్టలు బీరువాలోకి వెళ్లవచ్చు. పరుపు తొడుగు జిప్పు మాత్రం ఏడాది నిండేదాకా అలాగే ఉండాలి.