ఒంటరిగా లెవెల్ చేసే మేజ్‌కి లివింగ్ బాంబ్ గిట్టుబాటేనా?

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆన్‌లైన్ గేమ్‌లో రాత్ ఆఫ్ ద లిచ్ కింగ్ ఎక్స్‌పాన్షన్ (2008లో వచ్చింది, 2022లో క్లాసిక్‌గా మళ్లీ తెరిచారు) ఆడే ఫైర్ మేజ్‌కి (నిప్పు మంత్రాల మాంత్రికుడికి) 60వ లెవెల్లో, 51వ టాలెంట్ పాయింట్‌తో శత్రువుకి అంటించే లివింగ్ బాంబ్ స్పెల్ వస్తుంది. మాబ్‌లను (గేమ్ నడిపే శత్రువులను) ఒక్కొక్కటిగా చంపుకుంటూ పోతే ఈ స్పెల్ మానా (మంత్రాలకు ఖర్చయ్యే శక్తి) దండగ. నాలుగైదింటిని ఒకచోటికి లాగి చంపితే మాత్రం పెట్టిన మానాకి మించి ఇస్తుంది.

లెక్క చూడండి. 70వ లెవెల్లో నేర్చుకునే రెండో ర్యాంక్, స్పెల్ పవర్ (మంత్రాల బలం పెంచే అంకె) కలపకముందు, 3 సెకన్లకోసారి 256 చొప్పున నాలుగు టిక్‌లలో (విడివిడి దెబ్బల్లో) 1024 డ్యామేజ్ చేస్తుంది. 12 సెకన్లు నిండాక పేలి, 10 గజాల లోపున్న శత్రువులందరికీ 512 చొప్పున తగులుతుంది. ఖర్చు బేస్ మానాలో (లెవెల్‌ని బట్టి ఉండే అసలు మానాలో) 22 శాతం. ఫైర్‌బాల్‌కి 19, ఫ్రాస్ట్‌బోల్ట్‌కి 11 శాతమే. బాంబ్ పెట్టాక మాబ్ 7 సెకన్లే బతికిందనుకోండి, రెండే టిక్‌లు పడతాయి: రావాల్సిన 1536లో 512. మిగతాదంతా శవంతో పాటే పోతుంది, పేలుడుతో సహా. 12 సెకన్లు నిండితేనో, ఎవరైనా డిస్పెల్ చేస్తేనో (మంత్రాన్ని తొలగిస్తేనో) పేలే బాంబ్ ఇది.

బాంబ్‌తో పోరు మొదలుపెట్టడం ఇంకా నష్టం. అది ఇన్‌స్టంట్ (క్యాస్ట్ చేసే సమయం పట్టదు) కాబట్టి మాబ్ వెంటనే మీ మీదికి పరుగెత్తుతుంది. దూరం నుంచి ఫైర్‌బాల్‌తో మొదలుపెడితే ఆ మొదటి క్యాస్ట్ అయ్యేంతవరకూ మిమ్మల్ని ఎవరూ కొట్టరు. ఆ ఉచిత సమయాన్ని వదులుకోకండి.

మీ విషయంలో ఎలా ఉందో కంబాట్ లాగ్‌లో (పోరులో పడిన దెబ్బల చిట్టాలో) తేలిపోతుంది. ఓ పది మాబ్‌లను చంపి, ఒక్కో బాంబ్‌కి ఎన్ని టిక్‌లు పడ్డాయో చూడండి. సగటు మూడుకి తగ్గితే ఒంటి మాబ్‌ల మీద దాన్ని మానేయండి. ఎలీట్ (మామూలు వాటికంటే బలమైన) క్వెస్ట్ మాబ్‌లు 12 సెకన్లకు మించి నిలబడతాయి కాబట్టి వాటి మీద తప్పకుండా వాడాలి. వెనక్కి పరుగెత్తుతూ కొట్టేటప్పుడూ పనికొస్తుంది, నిలబడి క్యాస్ట్ చేయక్కర్లేదు.

గుంపు మీద వాడే తీరు వేరు. ముందు అన్నింటినీ లాగి దగ్గరగా చేర్చండి, చెదిరి ఉంటే 10 గజాల పేలుడు సగం వృథా. తర్వాత ఆరోగ్యం ఎక్కువున్న మాబ్‌తో మొదలుపెట్టి ఒక్కోదానికీ ఒక్కో బాంబ్. గ్లోబల్ కూల్‌డౌన్ (ఒక స్పెల్ తర్వాత ఇంకోటి వేయడానికి ఆగాల్సిన సమయం) 1.5 సెకన్లు, అంటే నాలుగింటికి దాదాపు 6 సెకన్లు. ఆ వెంటనే ఫ్లేమ్‌స్ట్రైక్ (నేల మీద మంట), అవి మీదికొచ్చాక డ్రాగన్స్ బ్రెత్ (ఎదురుగా ఉన్న వాటి మీదికి ఊదే మంట). నాలుగు బాంబ్‌లూ పేలేదాకా అన్నీ బతికుంటే ఒక్కో మాబ్‌కి నాలుగు పేలుళ్లు, 2048 డ్యామేజ్. బాంబ్ అసలు లాభం ఇక్కడుంది. పేలుళ్లలో క్రిట్‌లు (అదనపు డ్యామేజ్ చేసే దెబ్బలు) వరసగా రెండు పడితే హాట్ స్ట్రీక్ టాలెంట్ పనిచేసి పైరోబ్లాస్ట్ స్పెల్ ఇన్‌స్టంట్‌గా దొరుకుతుంది. టిక్‌లకు ఆ లెక్క వర్తించదు. అవి క్రిట్ కావాలన్నా గ్లిఫ్ ఆఫ్ లివింగ్ బాంబ్ (స్పెల్ పనితీరును మార్చే అమరిక) ఉండాలి.

చాలామంది దెబ్బతినేది పాలిమార్ఫ్ (శత్రువును కాసేపు గొర్రెగా మార్చే స్పెల్) దగ్గర. బాంబ్ ఉన్న మాబ్‌ని గొర్రెగా మారిస్తే తర్వాతి టిక్‌కే విడిపోతుంది, పక్క మాబ్ పేలుడు తగిలినా అంతే. ఫ్రాస్ట్ నోవా (మాబ్‌లను కదలకుండా కట్టేసే మంచు స్పెల్) కట్టు కూడా టిక్‌ల దెబ్బకి తెగిపోవచ్చు. గొర్రెను 10 గజాల అవతలే ఉంచండి. గుహల్లో, శిబిరాల్లో అయితే పేలుడు మీరు కదపని మాబ్‌లకీ తగిలి వాటిని మీదికి తెస్తుంది, చుట్టూ చూసుకుని పెట్టండి.

60 లోపు ఈ బాధ లేదు. ఫైర్‌బాల్ వెంట వచ్చే మంట, ఇగ్నైట్ (ఫైర్ క్రిట్ తర్వాత అంటుకునే మంట) రెండూ అదనపు మానా అడగవు. కాకపోతే ఫైర్‌బాల్ మంట ఒకదాని మీద ఒకటి పేరుకోదు, కొత్తది పడగానే పాతదాని మిగిలిన టిక్‌లు పోతాయి. ఆ మంట కూడా గొర్రెను విడిపిస్తుంది, అందుకే ఒంటరి లెవెలింగ్‌కి నా ఓటు ఫ్రాస్ట్ (మంచు) టాలెంట్లకే. 40వ లెవెల్ దాటి 1000 గోల్డ్ ఉంటే డ్యూయల్ స్పెక్ (రెండు టాలెంట్ అమరికల మధ్య మారే వీలు) కొనుక్కుని, బయట ఫ్రాస్ట్, డంజన్లలో ఫైర్ పెట్టుకోండి.