నోరు మూతపడకపోతే: దవడ జారిందని లాగే ముందు చూడవలసినవి

ఆవలించిన తరువాతనో, పన్ను పీకించుకున్న తరువాతనో నోరు తెరుచుకునే ఉండిపోతుంది, చొంగ కారుతుంది, మాట తెలియదు. ఇలాంటి రోగి క్యాజువాల్టీకి రాగానే చాలామంది జూనియర్ డాక్టర్లు నోట్లో వేళ్లు పెట్టి దవడ లాగడానికి బొటనవేళ్లకు గాజుగుడ్డ చుట్టుకోవడం మొదలుపెడతారు. దయచేసి ముందుగా చెవి రంధ్రానికి సరిగ్గా ముందు, రెండు వైపులా వేలితో తడమండి. అక్కడ గుంట పడి, దానికి కాస్త ముందు ఎముక ఉబ్బు తగిలితే దవడ జారినట్లే. ఒకవైపే జారితే గడ్డం రెండో వైపుకు తిరిగి ఉంటుంది. ఎలా జారినా దవడను మొదట కిందికి, ఆ తరువాతే వెనక్కి నొక్కాలి. నేరుగా వెనక్కి తోస్తే దవడ ఎముక తల కీలు గుంటకు ముందున్న గట్టుకు తగిలి ఆగిపోతుంది, కండరం ఇంకా బిగుస్తుంది.

గుంట లేకుండానే నోరు మూతపడకపోయినా, సరిచేసిన దవడ కాసేపటికే మళ్లీ జారినా, కారణం కీలులో కాక మందులో ఉండవచ్చు. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజిన్, మానసిక వ్యాధులకు ఇచ్చే హాలోపెరిడాల్ వంటివి కొందరిలో, ముఖ్యంగా చిన్న వయసువారిలో, దవడ కండరాలను తమంతట తాము బిగుసుకునేలా చేస్తాయి. మెడ ఒకవైపుకు తిరగడం, నాలుక బయటికి రావడం, కనుగుడ్లు పైకి పోవడం కూడా కనిపిస్తే అనుమానం బలపడుతుంది. మనిషి పూర్తి స్పృహలోనే ఉంటాడు కాబట్టి దీన్ని మూర్ఛగానో, నటనగానో కొట్టిపారేయడం అన్యాయం. “మందులేమైనా వాడుతున్నారా” అని అడిగితే “లేదండీ” అనే చెబుతారు, ఎందుకంటే మొన్న వేయించుకున్న ఒక్క సూదిని ఎవరూ మందు వాడటంగా లెక్కించరు. “ఈ నాలుగైదు రోజుల్లో వాంతులకో, కళ్లు తిరుగుతున్నాయనో సూది గానీ బిళ్ల గానీ తీసుకున్నారా” అని అడగండి, వెంట వచ్చినవారిని కూడా అడగండి. అవునంటే ఆ మందు ఆపి ప్రోమెథజైన్ సూది ఇస్తే సాధారణంగా కొద్ది నిమిషాల్లోనే బిగువు సడలుతుంది. రెండేళ్లలోపు పిల్లలకు మాత్రం అది ఇవ్వకూడదు. కీలు నిజంగానే జారి ఉంటే సడలిన తరువాత సరిచేయడం సులువు. మరో రెండు మూడు రోజులు ట్రైహెక్సీఫెనిడిల్ బిళ్లలు ఇవ్వకపోతే బిగువు తిరిగి రావచ్చు. ఏ మందు పడలేదో చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వండి.

దెబ్బ తగిలి ఉంటే ఎక్స్‌రే తీయించాకే చేయి వేయాలి. వారాల తరబడి జారి ఉన్న దవడను, పదే పదే జారే దవడను దవడ శస్త్రచికిత్స నిపుణులకు పంపండి.